పదునాలుగు బూడిదరంగు గడులు

గ్రీష్మము తన కడపటి ప్రతాపమునంతయు వంశధారా సైకతస్థలములమీద కుమ్మరించి అలసి వెనుదిరుగుటకు సన్నద్ధమగుచుండగా, మృగశిర కార్తె ప్రవేశించిన మూడవనాటి ప్రాతఃకాలమున వాయవ్యదిశయందలి గిరిపంక్తుల శిఖరములపై నీలమేఘశకలము లొకటొకటిగా చేరి ఏటివంక తొంగి చూడసాగెను. మోకాలిబంటి నీటిపాయలు ఇసుకతిన్నెల నడుమ దారి వెదకికొనుచు మందగమనమున సముద్రాభిముఖములై పారుచుండెను. ఆ పాయల నడుమ కట్టుచున్న వంతెనకై లేచిన పదునొకండు కాంక్రీటు స్తంభములు కొన్ని శిరస్సులు దాల్చియు కొన్ని మొండెములై శిరస్సులకొఱకు నిరీక్షించుచును నిలిచి యుండెను. ఎగువ కొండలలో గట్టి వాన కురిసెనేని మూడుదినములలో ఎఱ్ఱనీరు వచ్చుననియు, వచ్చిన పిమ్మట నాలుగు మాసములు ఏటిలో కాలు పెట్టుటకు వీలుపడదనియు అచ్చటి ప్రతి కూలివానికిని తెలియును. అందుచేత అందఱును పని చేయుచునే నడుమనడుమ ఆ కొండలవంక చూచుచుండిరి.

ఏటిగట్టుమీద ఓడలపై సరకు మోయు ఇనుపపెట్టెకు కిటికీలు కోసి ఏసీ బిగించి ఆఫీసని పేరు పెట్టిన గది యొకటి కలదు. అందు కూర్చుండి కాలమునకు కళ్ళెము వేయుటకై నియుక్తురాలైన యువతి మరడాన హైమావతి. ఆమె ఉద్యోగనామము ప్లానింగ్ ఇంజనీరు. ఆమె చేయి తాపీ పట్టలేదు, ఆమె నెత్తి ఇటుక మోయలేదు. అయినను ఆమె కంప్యూటరులోని షెడ్యూలు కదలనిదే ఆ యేటిలో క్రేను కదలదు. ఆ సాఫ్ట్‌వేరులో ప్రతిపనికి నొక వరుసయు, ప్రతివరుసకు నొక సంఖ్యయు, అది పట్టు దినములను జూపు నొక రంగుగీతయు నుండును. ఏ పని ముగిసినపిదప ఏ పని యారంభింపవలెనో తెలుపు బాణములు వరుసనుండి వరుసకు పాకుచుండును. ఒక్క గీతను పక్కకు జరిపితిమా, దానివెంట నూఱు గీతలు బంధుకోటివలె కదలి వచ్చును. ఏ పనులు ఒక్కదినము వెనుకబడినను వంతెన యంతయు వెనుకబడునో ఆ గీతలు ఎఱ్ఱగా నుండును. తక్కినవి పచ్చగా నుండును. హైమావతి యేడేండ్లుగా ఆ యెఱుపుపచ్చల నడుమనే కాపురము చేయుచుండెను.

ఆమె కీ విద్య నేర్పినవాడు చావలి భానుమూర్తి. ముప్పదిరెండేండ్ల సర్వీసుతో తలపండిన ఆ ప్రధాన ప్రణాళికాధికారి పదవీవిరమణకు నాలుగు మాసముల దూరమున నుండెను. కాలేజీనుండి బెరుకుబెరుకుగా వచ్చిన హైమావతిని కంటికి రెప్పవలె కాచి, ఆమె చేసిన తప్పులను పదుగురిలో గాక ప్రక్కకు పిలిచి చెప్పి, మీటింగులలో ఆమెచేతనే మాటలాడించి ఇంజనీరును చేసినవాడాతడు. తండ్రిని చిన్ననాడే పోగొట్టుకొన్న ఆమెకు మూర్తిగారనిన కొండంత అండ. ఆతడు నేర్పిన నియమములు మూడు. వరుసలకు పదేసి చొప్పున సంఖ్యలు వేయవలెను, నడుమ కొత్త పని పుట్టుకొని వచ్చిన చోటుండవలెను గనుక. ఒకసారి తీసివేసిన వరుస సంఖ్యను మఱి యే పనికిని పెట్టరాదు, చచ్చిన సంఖ్య చచ్చినట్లే యుండవలెను. ఇక మూడవది: కాంక్రీటు గట్టిపడుటకు ఆగు దినములను రెండు పనుల నడుమ బాణములో దాచరాదు, వానికి ప్రత్యేకముగా నొక వరుస యీయవలెను. ఆగుట కూడ పనియే అని ఆతడు చెప్పుచుండెడివాడు. చెప్పునపుడు కండ్లద్దములు తీసి తుడుచుకొనుట ఆతని యలవాటు.

ఈ మూడవ నియమము విలువ హైమావతికంటె బాగుగ తెలిసినవాడు ఆ యేటిలో నొక్కడుండెను. వాడు బెవర రామయోగి యను సెంట్రింగు మేస్త్రీ. స్తంభము నెత్తిన ఇరువైపులకును చేతులు చాచినట్లు పోయు కాంక్రీటు దూలమును వాడు టోపీ యనెడివాడు. టోపీకి క్రిందినుండి ఇనుపగొట్టములతోను పలకలతోను ఊత కట్టుటయు, అది తన బరువు తాను మోయగలిగినపిదప ఆ ఊత విప్పుటయు వాని పని. రామయోగికి అక్షరములు రావు. కాని ప్రతి సోమవారము హైమావతి ఏటిలోనికి దిగి మేస్త్రీ మేస్త్రీకిని ఆతనాతని పనులున్న కాగితము ముద్రించి యిచ్చు వాడుక యుండుటచే వాడు రంగులను చదువ నేర్చెను. ఆ కాగితములలో రంగు పనిని బట్టి యుండును: నీలిగీత పలకలు బిగించుట. గోధుమరంగుగీత కాంక్రీటు పోయుట. దానివెంట పదునాలుగు బూడిదరంగు గడులు ఆగుట. వాడు దినమున కొక గడి చొప్పున బొగ్గుముక్కతో కొట్టివేయుచు పదునాలుగవది ముగియువఱకు ఒక్క మేకు నైనను పీకనిచ్చెడివాడు కాడు. ఎనిమిది టోపీలు వాని చేతిమీదుగా నట్లే నిలిచెను. హైమావతి యిచ్చిన కాగితమును వాడు కండ్ల కద్దుకొని మఱీ మడిచి సంచిలో పెట్టుకొనెడివాడు, అది చూచి ఆమెకు సిగ్గును సంతోషమును కలుగుచుండెడివి.

మేఘములు తొంగి చూచిన ఆ దినము సోమవారము. దానికి ముందు హైమావతి చెల్లెలి బిడ్డ బారసాలకై నాలుగు దినములు సెలవుపై పార్వతీపురమునకు బోయి యుండెను. వెళ్ళునాటికి పనులు పండ్రెండు దినములు వెనుకబడి యుండెను. తొమ్మిదవ స్తంభపు టోపీ మొదలు చివఱిదాక గీతలన్నియు ఎఱ్ఱగా నుండగా ఎఱ్ఱనీటికి ముందు పని ముగియు నాశ కనుపింపలేదు. పైవారము శుక్రవారమున పైయధికారుల బృందము తనిఖీకి వచ్చుచున్నదను వార్త ఆఫీసు గుండెలలో రాయి పడినట్లుండెను. వెళ్ళుచు వెళ్ళుచు ఆమె అవసరమున కుపకరించునని తన లాగిన్ వివరములను మూర్తిగారికి ఆతడు అడిగినదే తడవుగా వ్రాసి యిచ్చెను. ఇంటి తాళపుచెవిని తండ్రిచేతికిచ్చువారు అనుమానింతురా? ఆమెయు అనుమానింపలేదు.

ఇప్పుడు తిరిగివచ్చి కంప్యూటరు తెఱచి చూచునప్పటికి ఎఱుపు మాయమై యుండెను. గీతలన్నియు లేత చివురులవలె పచ్చగా నుండెను. వంతెనపని ఎఱ్ఱనీటికి ఆఱుదినములు ముందుగనే ముగియునని షెడ్యూలు చెప్పుచుండెను. ఆమె తెల్లబోయి మూర్తిగారి బల్లకడకు పోగా ఆతడు తలయెత్తకయే రెండు ముఠాలను ఒకేసారి పనిలోనికి దింపునట్లు వరుసలు సర్దితినని చెప్పెను. ఆ మాట వినగానే ఆమె మనసు తేలికపడెను. తనకు తోచని మార్గము గురువునకు తోచినదని గర్వపడెను. ఏ వరుస ఎట్లు సర్దెనో చూడవలెనను బుద్ధి ఆమెకు ఒక్కక్షణము కలిగెను, కాని ఆతని పనిని సరిచూచుట అవిధేయతయని తోచి మానుకొనెను. ఈ ఒక్క మానుకొనుటయే ఆమె నటుపిమ్మట జీవితమంతయు తినివేసినది.

ఆమె కాగితములు ముద్రించుకొని ఏటిలోనికి దిగెను. తొమ్మిదవ స్తంభము క్రింద నీడలో కూర్చుండి చుట్ట కాల్చుకొనుచున్న రామయోగి లేచి నిలిచి కాగితమందుకొని కండ్ల కద్దుకొనబోయి ఆగెను. శనివారమునాడే ఆ టోపీకి కాంక్రీటు పోసి యుండిరి. వాని మొరటువ్రేలు గోధుమరంగుగీత చివఱకు పోయి అచ్చట ఏమియు దొరకక తడుముకొనెను. గోధుమరంగుగీతకును ఊత విప్పు ఎఱ్ఱమట్టిరంగుగీతకును నడుమ ఐదు తెల్లగడులు మాత్రమే యుండెను.

"అమ్మా, ఈ తడవ బూడిద గళ్ళు నేవేటి? ఆరబెట్టే రోజులేవీ?" అని వాడడిగెను.

"మూర్తిగారే స్వయంగా సర్దారు మేస్త్రీ. ఆయన చూశాక మనం చూడక్కర్లేదు."

"నువ్వు సూసినావు గదా. సాలు," అని వాడు కాగితము కండ్ల కద్దుకొని మడిచెను.

చూడలేదని చెప్పుటకు ఆమెకు వ్యవధి లేక కాదు. మూర్తి చూచెననుటకును తాను చూచితిననుటకును నడుమనున్న తేడా ఆమెకప్పుడు పట్టలేదు. ఆమె పదవ స్తంభమువైపు నడిచిపోయెను.

గురువారమున ఐదవ తెల్లగడి ముగిసెను. ఊత విప్పుటకు అనుమతిచీటీ వ్రాయవలసిన ఫీల్డు ఇంజనీరు షెడ్యూలు చూచి అందున్న తేదీ సరిపోయెనని సంతకము చేసెను. పూర్వాహ్ణము పదిగంటల వేళ రామయోగి ముఠా ఇరువైపుల గొట్టములు వదులుచేసి దించసాగిరి. దక్షిణపు చేయి మొదట సన్నగా నెఱ్ఱె విచ్చెను. పిమ్మట ఎవరికిని కేక వేయుటకైన వ్యవధి లేక విరిగి పలకలతో గొట్టములతో సహా క్రిందికి కూలెను. తన ముఠాలోనివారిని నెట్టివేసి తాను చివఱ మిగిలిన రామయోగి ప్రాణములతో బయటపడెను గాని వాని కుడిచేయి కాంక్రీటు ముక్కక్రింద చిక్కి నలిగిపోయెను. ఆస్పత్రిలో డాక్టర్లు మూడువ్రేళ్ళు తీసివేసిరి. ఆ కబురు విన్ననాడు హైమావతి భోజనపు డబ్బా మూత తీయలేదు.

ముగ్గురు ఇంజనీర్లతో విచారణసంఘ మేర్పడెను. మూడవదినమున ఆ సంఘమునుండి ఆమెకు నోటీసు వచ్చెను. దానికి జతపఱచిన కాగితములలో భానుమూర్తి వ్రాసి యిచ్చిన వాఙ్మూల మొకటి యుండెను. సదరు షెడ్యూలు మరడాన హైమావతి పేరున తయారయ్యెననియు, గట్టిపడు దినములను తగ్గించుట ఆమె అజాగ్రత్తవలన జరిగియుండుననియు, తనిఖీ తొందరలో తాను పరిశీలింపలేకపోతిననియు అందు చక్కని దస్తూరితో వ్రాసి యుండెను. అది చదివి ఆమె ఆతనిమీద కోపగించుకొనలేదు. ఆతనిని ఎంతగా నమ్మెనో తెలియుట కింతకంటె నిదర్శన మేమి కావలెను, ఆమె మొదట తన్ను తానే అనుమానించుకొనెను. సెలవుకు పోవు తొందరలో ఏ వరుసనైన చెఱిపివేసితినేమో యని షెడ్యూలు తెఱచి ఒక్కొక్క వరుసయు చదువసాగెను.

1450 కడ్డీలు కట్టుట. 1460 తొమ్మిదవ టోపీకి కాంక్రీటు. దాని క్రిందిది 1480, ఊత విప్పుట. 1470 లేదు. ఆమె వ్రేలు ఆ రెండు వరుసల నడుమ నిలిచిపోయెను. ఆ సంఖ్య నిచ్చినది తానే యని ఆమెకు స్పష్టముగా జ్ఞాపకము వచ్చెను, బూడిదరంగు పదునాలుగు దినములు దానివే. ఇప్పుడు 1460నుండి 1480కి పోవు బాణములోపల ఐదుదినములు దాగి యుండెను. పదవ టోపీ కడను పదునొకండవ టోపీ కడను అట్లే ఖాళీ లుండెను. మార్పు చేసినవారి పేరడుగగా సాఫ్ట్‌వేరు తడుముకొనక హైమావతి యనియే చెప్పెను. ఏ దినమున నని యడుగగా చెప్పిన తేదీ ఆమె పార్వతీపురమున చెల్లెలి బిడ్డను ఉయ్యాలలో వేసి పేరు పిలిచిన దినము. మోసపోయితినని మనసు చెప్పుచుండగా ఆ మాట వినలేక ఆమె చెవులు మూసికొనెను.

మధ్యాహ్న మందఱును భోజనములకు పోయినవేళ ఆమె మూర్తిగారి యెదుట నిలిచెను. ఆ సంఖ్య పలుకగానే ఆతనికి సర్వము బోధపడెను. ఆతడు కాదనలేదు. పైవారు ఎఱుపు చూచిన తనను తప్పించి వేఱొకరిని తెత్తురని బెదిరించిరనియు, ముప్పదిరెండేండ్ల పేరు చివఱి నాలుగు మాసములలో మట్టి గలియునని వెఱచితిననియు, ఆ కాగితము అధికారులు చూచుటకే గాని పనివారు చేయుటకు కాదనుకొంటిననియు తడబడక చెప్పెను. సోమవారము తాను ఆ కాగితములే తీసికొని ఏటిలోనికి దిగుట చూడలేదా యని ఆమె యడిగెను.

"కిటికీలోంచి చూశాను. ఆపితే ఎందుకని అడుగుతావు. రెండు రోజులాగి, ఊత విప్పొద్దని రామయోగికి మాటగా చెబుదామనుకున్నాను. ఈలోగా తనిఖీ పనుల్లో పడి మర్చిపోయాను."

ఆతడు కండ్లద్దములు తీసి తుడుచుకొనెను. ఆమెకు వయసున్నదనియు, చిన్నవారి తప్పు ఒక మందలింపుతో పోవుననియు, పెద్దవాని తప్పు ఆతనితో చితిదాక పోవుననియు, ఇన్నేండ్లు నేర్పినందుకు ఈ ఒక్కటి భరింపుమనియు బతిమాలెను. అంతవఱకు ఆమె వినుచునే యుండెను. ఆతనిమీద జాలి కూడ కలిగెను. ఒప్పుకొందునేమో యని ఆమెకే భయము వేసెను. అప్పు డాతడు లేచి దగ్గఱకు వచ్చి గొంతు తగ్గించెను.

"ఒక్క పని చెయ్యి హైమా. 1470లో ఇంకేదైనా పని పెట్టెయ్. ఖాళీ కనపడకూడదు."

నియమము తప్పుట యొకటి, ఆ నియమము నేర్పిన నోటితోనే తప్పుమని చెప్పుట వేఱొకటి. ఏడేండ్లుగా తాను దేవుని గదిలో దీపమువలె కాపాడుకొనుచు వచ్చిన మాటలు ఆతనికి నోటిమాటలేనని ఆమె కా క్షణమున తెలిసెను. వాఙ్మూలములో తన పేరు చూచినప్పుడు పగులని గుండె ఇప్పుడు పగిలెను. ఆమె బయటికి వచ్చి ఆ యెండలోనే బస్సెక్కి ఆస్పత్రికి పోయెను.

రామయోగి చేతికట్టు ఛాతిమీద పెట్టుకొని మంచముమీద వెల్లకిలా పడియుండెను. వాని భార్య లేచి స్టూలు జరిపెను. హైమావతి కూర్చుండకమునుపే వాడే మాట అందుకొనెను. వాని గొంతులో నిష్ఠురము లేదు. ఉండియుండిన ఆమెకు కొంత తెరపి యుండెడిది.

"నాను అడిగినాను గదమ్మా. నువ్వు సూసినావనుకున్నాను."

ఆమె మంచపుకోడు పట్టుకొని ఏడ్చెను. మూర్తి తనకు చేసిన దాని ప్రక్కనే తాను రామయోగికి చేసినదియు నిలుచున్నదనియు, రెంటికిని రంగు ఒక్కటేననియు ఆమెకు తోచెను. వాని భార్య తలగడక్రింద నుండి సంచి తీసి పాతకాగితముల కట్ట ఆమె చేతిలో పెట్టెను. ఎనిమిది టోపీల కాగితములు, ఒక్కొక్కదానిమీద బొగ్గుతో కొట్టివేసిన పదునాలుగేసి గడులు. కట్టపైన తొమ్మిదవదానిమీద ఐదే తెల్లగడులు, వానిమీదను బొగ్గుగీతలు. తన తప్పు లేదని పెద్దలకు చూపుమని రామయోగి కోరెను.

విచారణ సర్క్యూట్ హౌసు వసారాలో జరిగెను. భానుమూర్తి ఇస్త్రీచొక్కాతో ముందుకుర్చీలో కూర్చుండి యుండెను. హైమావతి తన వంతు రాగానే ఆ తొమ్మిది కాగితములను బల్లమీద వరుసగా పఱచెను. గురువునుగూర్చి మొదట చెప్పునని సభవా రనుకొనిరి. ఆమె తన్నుగూర్చి మొదట చెప్పెను.

"మేస్త్రీ నన్ను అడిగాడు. చూడకుండానే చూసినట్టు ఒప్పుకున్నాను. అది నా తప్పు. 1470 తీసింది మాత్రం నేను కాదు."

అటుపిమ్మట సంఖ్యలలోని ఖాళీలను, మార్పుల తేదీని, లాగిన్ వ్రాసి యిచ్చుటను, ఆ ఖాళీ పూడ్చుమని తన కందిన ఉపదేశమును ఒకటి విడువక చెప్పెను. చెప్పుచున్నంతసేపు ఆమె ఆతనివంక చూడలేదు. ముగించి కూర్చుండునపు డొకసారి చూచెను. ఆతడు కండ్లద్దములు చేతిలో నుంచుకొని తుడుచుట మఱచి యుండెను. ఆతడు చెఱచినది తన పేరునే గాదు, తన బాల్యమునుండి ఖాళీగానున్న తండ్రిస్థానమును కూడనని తలచి ఆమె నిండుసభలో నిట్టూర్చెను. సంఘమువారు ఆతనిని పనినుండి తప్పించిరి. హైమావతికి లిఖితపూర్వకమగు మందలింపు నిచ్చి ఆమె పదోన్నతిని ఒక సంవత్సరము ఆపిరి. రామయోగి తప్పు లేదని వ్రాసిరి. ఆషాఢమున ఎఱ్ఱనీరు వచ్చి మిగిలినవాని నన్నిటిని ముంచివేసెను.

కార్తికమాసమున ఏరు మరల పాయలుగా చీలి ఇసుకతిన్నెలు తేలినపిదప తొమ్మిదవ టోపీని మొదటినుండి పోయుటకు నిశ్చయమయ్యెను. హైమావతి షెడ్యూలును తిరుగ కట్టెను. 1470ని అట్లే ఖాళీగా విడిచి ఆగు దినములకు 1475 అను కొత్తవరుస నిచ్చి బూడిదరంగు వేసెను. ఆ నియమమును ఎవరు నేర్పినదియు జ్ఞాపకము వచ్చి ఆమె చేయి కొంతసేపు ఆగెను, కాని నియమము మంచిదే. సోమవారము ఉదయమున లేత యెండలో ఆమె ఏటిలోనికి దిగగా రెండువ్రేళ్ళు మిగిలిన కుడిచేతిని తువ్వాలులో చుట్టుకొని ముఠాకు పనులు పురమాయించుచున్న రామయోగి ఎదురు వచ్చెను. ఆమె కాగితమిచ్చెను. వాడు ఎడమచేతితో అందుకొనెను. కండ్ల కద్దుకొనలేదు.

"ఇవి నువ్వు సూసినావా, ఇంకెవులైనా సూసినారా?"

"నేనే చూశాను మేస్త్రీ."

వాడు తల యూపి అచ్చటనే ఇసుకలో చతికిలబడి కాగితము తొడమీద పఱచుకొని అలవాటు లేని ఎడమబొటనవ్రేలితో ఒక్కొక్క గడియు నొక్కుచు పెదవులు కదలుచుండ లెక్కింపసాగెను. పదునాలుగు తేలెను. ఆమె వెళ్ళబోయెను. వాడు మఱల చివఱినుండి మొదటికి లెక్క పెట్టుట చూచి ఆగెను. ఒకనాడు తన మాట చాలునన్న ఆ మనిషి రెండవసారి లెక్కించుచుండగా ఆమెకు మనసు చివుక్కుమనెను. అయినను అది తనకు రావలసినదేయని యెఱిగి ఆ రెండవ లెక్క ముగియువఱకు ఆమె వాని ప్రక్కన ఎండలో నిలిచియే యుండెను.